పుట్టగొడుగుల కల్చర్‌కు మేత: ఎంత పెట్టాలి, ఎక్కడ ఆపాలి

పుట్టగొడుగుల విత్తనం సొంతంగా చేసుకోవాలనుకునేవాళ్లు మొదట అడిగేది "అగర్‌లో ఇంకేం కలిపితే తొందరగా పెరుగుతుంది" అని. పెప్టోన్ (ప్రొటీన్‌ను విరిచి చేసిన పొడి) ఇంకొంచెం వేద్దామా, తేనె వేద్దామా, 19-19-19 ఎరువు చిటికెడు వేస్తే ఎట్లుంటుంది అని. అగర్ అంటే మేతను జెల్లీలాగా గట్టిపరిచే పొడి, ఆ జెల్లీ మీద పెంచే పుట్టగొడుగు దారాలే కల్చర్. నల్లగొండ, పాలమూరు వైపు పాడయ్యే ప్లేట్లలో (అగర్ పోసే మూత పళ్లేలు) ఆకలితో పాడయ్యేవి తక్కువ. నీళ్ల వల్ల, మోతాదుకు మించిన మేత వల్ల పాడయ్యేవే ఎక్కువ. అందుకే ఇక్కడ ముందు నీళ్ల సంగతి, ఆ తర్వాత మేత లెక్క, చివరికి జొన్నల మీదికి ఎక్కించడం చెబుతున్నాం. గడ్డి బెడ్ల పెంపకం వేరే పని, దాని జోలికి పోవడం లేదు.

లెక్కలన్నీ ముఖ్యంగా ముత్యపు చిప్ప పుట్టగొడుగుకు, అంటే అందరూ ఆయిస్టర్ అనేదానికి. పాల పుట్టగొడుగు, వరిగడ్డి పుట్టగొడుగు ఎక్కడ తేడా చూపుతాయో అక్కడ విడిగా చెప్పాం.

ముందు నీళ్లు

అగర్ మీడియంలో, అంటే కల్చర్ పెంచే మేతలో, 95 శాతం నీళ్లే. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు బోరు నీళ్లంటే అందరికీ ఫ్లోరైడే గుర్తుకొస్తుంది. కల్చర్‌కు అసలు తలనొప్పి మాత్రం ఆ నీళ్లలోనే ఉండే బైకార్బనేట్. ఫ్లోరైడ్ ఎక్కువున్న బోర్లలో మామూలుగా బైకార్బనేట్ కూడా ఎక్కువే ఉంటుంది. చల్లటి నీళ్లలో పీహెచ్ (ఆమ్లం, క్షారం కొలత) కాగితం ముంచితే 7.5 చూపిస్తుంది, బాగానే ఉందనుకుంటాం. కుక్కర్‌లో కాగినప్పుడు బైకార్బనేట్ నుంచి కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోయి కార్బనేట్ మిగులుతుంది. పీహెచ్ 8.5 దాటుతుంది. ఆయిస్టర్‌కు కావలసింది 5.5 నుంచి 6.5. దానికి తోడు, క్షారం ఎక్కువున్న ద్రవాన్ని కాచితే అందులోని థయామిన్, అంటే బి1 విటమిన్, నాశనమవుతుంది. ఆ విటమిన్ లేకపోతే ఏమవుతుందో కింద చెప్తాం.

ఇంకొన్ని బోర్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. పప్పు ఉడకని నీళ్లు అంటామే, అవి. వాటిలో ఫాస్ఫేట్ కలిపితే కాల్షియంతో కలిసి తెల్లగా అడుగున దిగిపోతుంది. మీరు వేసిన భాస్వరం మైసీలియంకు, అంటే పుట్టగొడుగు తెల్లటి దారాలకు, అందదు, మీడియం కూడా మసకబారి బాక్టీరియా వచ్చిందేమోనన్న అనుమానం పుట్టిస్తుంది.

దీనికి మందు చవకైనదే. ప్రతి ఊళ్లో దొరికే 20 లీటర్ల ఆర్‌ఓ క్యాన్ నీళ్లు వాడండి. శుభ్రమైన పైకప్పు మీద పట్టిన వాన నీళ్లయినా సరే. నల్లాకు వచ్చే కృష్ణా నీళ్లు వాడితే ముందుగా 10 నిమిషాలు మూత లేకుండా మరిగించి క్లోరిన్ పోనివ్వండి. బోరు నీళ్లు తప్ప వేరే దిక్కు లేకపోతే మీడియం అంతా కలిపి ఒకసారి కాచి, చల్లార్చి, అప్పుడు పీహెచ్ చూడండి. ఎక్కువుంటే నిమ్మ ఉప్పు చిటికెడు చిటికెడుగా కలుపుతూ 6 దగ్గర ఆపండి. 5 కంటే కిందికి దించొద్దు. ఆమ్లం ఎక్కువైన అగర్‌ను కుక్కర్‌లో పెడితే దాని గట్టిపడే గుణం పోయి, ప్లేటులో జావలాగా మిగులుతుంది.

పిండిపదార్థం, నత్రజని: అసలు లెక్క

మైసీలియం మొక్క కాదు, ఎండతో తిండి చేసుకోలేదు. తన చుట్టూ ఎంజైములు వదిలి, ఎదురుగా ఉన్నదాన్ని బయటే కరిగించి, ఆ కరిగినదాన్ని పీల్చుకుంటుంది. అందువల్ల దానికి పెట్టే మేతలో రెండే పెద్ద పద్దులు: కర్బనం, నత్రజని. మిగతావి చిటికెల్లో సరిపోతాయి.

కర్బనానికి గ్లూకోజ్ లీటరుకు 20 గ్రాములు చాలు. కిరాణాలో దొరికే రుచి, రంగు కలపని గ్లూకోజ్ పొడి పనికొస్తుంది. 20కి బదులు 60 గ్రాములు వేస్తే మూడింతలు పెరగదు. చక్కెర చిక్కదనం వల్ల దారాలు నీళ్లు పీల్చుకోవడమే కష్టమవుతుంది, కుక్కర్‌లో మీడియం గోధుమ రంగుకు తిరుగుతుంది. మామూలు పంచదారతోనూ ఆయిస్టర్ పెరుగుతుంది. కాని రెండు రకాల మీడియం పోల్చి చూసేటప్పుడు గ్లూకోజ్‌కే కట్టుబడండి. బెల్లం మాత్రం వద్దు. అందులో ఖనిజాలు ఉండొచ్చు గాని, ఆ ముదురు రంగులో బాక్టీరియా మసక కనబడదు.

ఇక నత్రజని. ఇక్కడే చాలామంది చెయ్యి జారేది. గ్లూకోజ్ బరువులో 40 శాతం కర్బనం, అంటే 20 గ్రాముల్లో 8 గ్రాములు. పెప్టోన్‌లో సుమారు 15 శాతం నత్రజని ఉంటుంది. లీటరుకు 2 గ్రాముల పెప్టోన్ వేస్తే 0.3 గ్రాముల నత్రజని. 8ని 0.3తో భాగిస్తే దాదాపు 27. కర్బనం, నత్రజని నిష్పత్తి 20 నుంచి 30 మధ్య ఉంటే మైసీలియం దట్టంగా, తెల్లగా సాగుతుంది. అదే పెప్టోన్ 10 గ్రాములు వేశారనుకోండి, నిష్పత్తి పదిలోపుకు పడిపోతుంది. అప్పుడు మైసీలియం ఆ మిగులు అమైనో ఆమ్లాలను కూడా ఇంధనంలాగా తినేసి, నత్రజనిని అమ్మోనియాగా బయటికి వదులుతుంది. పీహెచ్ పైకి పోతుంది. దూది మూత తీస్తే ఘాటు వాసన తగులుతుంది. అదే సమయంలో గాలిలోంచి పడ్డ ఒక్క బాక్టీరియాకు అది విందు.

నత్రజని ఏ రూపంలో ఇస్తున్నామన్నదీ ముఖ్యమే. పెప్టోన్, ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ (ఈస్ట్ నుంచి తీసిన సారం), ఆస్పరజిన్ (ఒక అమైనో ఆమ్లం) లాంటి సేంద్రియ రూపాలు అన్నిటికన్నా బాగా పనిచేస్తాయి. అమ్మోనియం సల్ఫేట్‌ను మైసీలియం తీసుకుంటుంది గాని, అమ్మోనియాను పీల్చుకుంటూ ఆమ్లాన్ని వదులుతుంది కాబట్టి నాలుగైదు రోజులకు మీడియం పుల్లబడి పెరుగుదల మందగిస్తుంది. నైట్రేట్‌ను తినే పుట్టగొడుగులు తక్కువ. అందుకే డ్రిప్‌లో వాడే 13-0-45, కాల్షియం నైట్రేట్ లాంటివి ఇక్కడ దండగ. యూరియా కుక్కర్ వేడికి విరిగి అమ్మోనియా అవుతుంది, దాన్ని అసలు ముట్టొద్దు. ఇవన్నీ కలిసి ఉండే 19-19-19 గురించి వేరే చెప్పనక్కర్లేదు.

పెప్టోన్ దొరకని చోట సోయా పిండి వాడుకోవచ్చు. నూనె తీయని సోయా పిండిలో ప్రొటీన్ 40 శాతం దాకా ఉంటుంది, అందులో నత్రజని 6 శాతం పైచిలుకు. లీటరుకు 5 గ్రాములు వేస్తే పెప్టోన్ 2 గ్రాములతో సమానం. నీళ్లలో అరగంట ఉడికించి, గుడ్డలో వడగట్టి, ఆ తేటనే వాడాలి. వడగట్టినప్పుడు కొంత ప్రొటీన్ పిప్పిలో పోతుంది కాబట్టి 6 గ్రాములు వేసినా పరవాలేదు.

చిటికెల్లో కావలసినవి

భాస్వరం, పొటాష్ రెండూ ఒకే ఉప్పులో వస్తాయి: పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్, లీటరుకు 1 గ్రాము. ఎరువుల దుకాణంలో 0-52-34 పేరుతో అమ్మేది ఇదే. మెగ్నీషియం, గంధకాలకు మెగ్నీషియం సల్ఫేట్ అర గ్రాము. ఇదీ అదే దుకాణంలో దొరుకుతుంది. ఇవి ప్రయోగశాల శుద్ధత ఉన్నవి కావు, అయినా విత్తనం తయారీకి చాలు. ఇనుము, జింకు, మాంగనీసు, రాగి అత్యల్పంగా కావాలి. కట్టెను, గడ్డిని కరిగించే లాకేజ్ అనే ఎంజైములో రాగి ఉంటుంది, మాంగనీస్ పెరాక్సిడేజ్ అనే ఇంకో ఎంజైముకు మాంగనీసు కావాలి. కాని అగర్‌లో, ఆలుగడ్డలో ఉన్న మోతాదే వాటికి సరిపోతుంది. సూక్ష్మపోషకాల మిశ్రమం అని డబ్బాల్లో వచ్చేది పైర్ల మీద కొట్టే చిక్కదనంలో ఉంటుంది, ప్లేటులో వేస్తే రాగి, జింకు విషమవుతాయి.

విటమిన్లలో థయామిన్ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. చాలా పుట్టగొడుగులు దీన్ని సొంతంగా చేసుకోలేవు, బయటి నుంచి అందాల్సిందే. ఆలుగడ్డ కషాయంలో ఇది ఉంటుంది కాబట్టి ఆ మీడియంలో లోటు కనబడదు. గ్లూకోజ్, ఉప్పులు మాత్రమే కలిపి శుద్ధమైన మీడియం చేసినప్పుడు బయటపడుతుంది: మైసీలియం ముక్క పెట్టిన మొదటి రెండు రోజులు, ముక్కలో ఉన్న నిల్వతో పెరిగి, ఆ తర్వాత ఆగిపోతుంది. లీటరుకు 1 గ్రాము ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ వేస్తే ఈ లోటు తీరుతుంది. బ్రెడ్డుకు వాడే ఎండు ఈస్ట్ 2 గ్రాములు నీళ్లలో బాగా మరిగించి, వడగట్టి వాడినా పని జరుగుతుంది. అదీ లేకపోతే మెడికల్ షాపులో దొరికే 100 మిల్లీగ్రాముల థయామిన్ బిళ్ల ఒకటి లీటరు నీళ్లలో కరిగించి, పైతేట 1 మిల్లీలీటరు తీసుకుంటే లీటరు మీడియానికి చాలు. మిగిలింది పారబోయండి, నిల్వ ఉండదు.

ఆలుగడ్డ అగర్ వండే తీరు

కొత్తవాళ్లకూ, పాతవాళ్లకూ రోజువారీ పనికి ఇదే మీడియం. లీటరుకు ఆలుగడ్డ 200 గ్రాములు, గ్లూకోజ్ 20 గ్రాములు, అగర్ పొడి 20 గ్రాములు. అరలీటరు చేసుకుంటే అన్నీ సగం. 0.1 గ్రాము దాకా చూపించే చిన్న కాటా తప్పనిసరి, చెంచాల లెక్క పనికిరాదు.

1. పచ్చబడ్డవి, మొలకలొచ్చినవి పక్కన పెట్టి, మంచి ఆలుగడ్డ తొక్క తీసి ఒక సెంటీమీటరు ముక్కలు కోయండి. 500 మిల్లీలీటర్ల నీళ్లలో 25 నిమిషాలు మెత్తబడేదాకా ఉడికించండి.

2. ముక్కలు పిసకకుండా పలుచని గుడ్డలో వడగట్టండి. పిసికితే గంజి దిగి మీడియం పాలలాగా అవుతుంది, బాక్టీరియా మచ్చ కనబడదు. ఆలుగడ్డలోని నత్రజనిలో సగం దాకా ఆస్పరజిన్ లాంటి కరిగే రూపంలోనే ఉంటుంది, పిసకకుండానే కషాయంలోకి వచ్చేస్తుంది. అందుకే దీనికి వేరే పెప్టోన్ అక్కర్లేదు.

3. కషాయానికి నీళ్లు కలిపి సరిగ్గా లీటరు చేయండి. గ్లూకోజ్ వేయండి. పీహెచ్ చూడండి. మంచి నీళ్లయితే దానంతటదే 5.6 దగ్గర ఉంటుంది.

4. అగర్ పొడిని ముందుగా చల్లటి కషాయం కొంచెంలో కలిపి, మిగతాది మరుగుతుండగా పోస్తూ కలపండి. నేరుగా మరిగే నీళ్లలో చల్లితే ఉండలు కడుతుంది. చైనా గ్రాస్ పోచలు వాడితే గంట ముందు నానబెట్టాలి. రకాన్ని బట్టి గట్టిపడే బలం మారుతుంది కాబట్టి, కొత్త ప్యాకెట్ తెచ్చిన ప్రతిసారి ఒక గ్లాసు చేసి చూసుకోండి.

5. సీసాల్లో సగానికి మించకుండా పోసి, దూది మూత పెట్టి, దాని మీద అల్యూమినియం కాగితం కట్టండి. కుక్కర్‌లో వెయిట్ లేచిన తర్వాత మంట తగ్గించి 20 నిమిషాలు. మామూలు కుక్కర్ వెయిట్ దాదాపు 15 పౌండ్ల ఒత్తిడికి లేస్తుంది, లోపల 121 డిగ్రీలు. అనుమానంతో గంటసేపు ఉంచితే చక్కెర, అమైనో ఆమ్లాలు కలిసి గోధుమ రంగు తేలుతాయి, అది మేత నష్టమే.

6. ఆవిరి తనంతట తాను దిగేదాకా కుక్కర్ ముట్టొద్దు. వెయిట్ లేపి ఆవిరి వదిలితే సీసాల్లో మీడియం పొంగి దూది తడుస్తుంది. తడిసిన దూది బూజుకు దారి.

7. చెయ్యి కాలకుండా పట్టుకోగలిగేంత వేడికి దిగాక, అంటే 50 డిగ్రీల దగ్గర, ప్లేట్లలో పోయండి. మరీ వేడిగా పోస్తే మూత మీద నీళ్లు కట్టి, ఆ చుక్కలు మళ్లీ మీడియం మీద పడతాయి.

పోసిన ప్లేట్లను రెండు రోజులు ఖాళీగా ఉంచి చూడండి. ఏమీ మొలవకపోతేనే 5 మిల్లీమీటర్ల మైసీలియం ముక్క మధ్యలో పెట్టండి. 25 నుంచి 28 డిగ్రీల మధ్య ఆయిస్టర్ 90 మిల్లీమీటర్ల ప్లేటును వారం పది రోజుల్లో నింపుతుంది. వెలుతురు అక్కర్లేదు.

రకాన్ని బట్టి మార్పులు

పాల పుట్టగొడుగు 28 నుంచి 32 డిగ్రీల్లో బాగుంటుంది, పీహెచ్ 6.5 నుంచి 7 దాకా ఇష్టపడుతుంది. వరిగడ్డి పుట్టగొడుగుకు 32 నుంచి 35 డిగ్రీలు, పీహెచ్ 7 దగ్గర. ఆలుగడ్డ కషాయాన్ని అంతదాకా పెంచడానికి తమలపాకు సున్నం నీళ్లలో కలిపి పైన తేరిన తేటను చుక్కలుగా వేయండి. కాని 7 దాటించొద్దు, పైన చెప్పిన థయామిన్ సంగతి ఇక్కడా వర్తిస్తుంది. ఈ రెండు రకాలకూ 1 గ్రాము ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ చేర్చడం మేలు.

ఏప్రిల్, మే నెలల్లో గదిలో 40 డిగ్రీలు దాటినప్పుడు ఆయిస్టర్ ప్లేట్లు ఆగిపోతే మేతను అనుమానించకండి. 32 దాటితేనే అది నీరసిస్తుంది, 40 దగ్గర చస్తుంది. ఆ రెండు నెలలు పాల పుట్టగొడుగు మీద పని పెట్టుకోవడం తెలివి.

తొలకరికి పుట్టల మీద మొలిచే పుట్టగొడుగు తెచ్చి, కల్చర్ చేస్తామనేవాళ్లు అచ్చంపేట, దేవరకొండ వైపు ఎప్పుడూ ఉంటారు. దాని మైసీలియం అగర్ మీద మెల్లగా పెరుగుతుంది కూడా. కాని అది చెదలతో కలిసి బతికే జాతి. చెదలు చేసే పని ఏ మీడియం చేయదు, కాబట్టి పుట్టగొడుగు మాత్రం రాదు.

ప్లేటును చదవడం

వెడల్పును చూసి మేత బాగుందనుకోవడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. ఉత్త నీళ్ల అగర్ మీద కూడా ఆయిస్టర్ దారాలు చాలా దూరం పోతాయి, తిండి వెతుక్కుంటూ. పలుచగా, అద్దంలోంచి చూసినట్టు అవతలి గీత కనబడుతుంది. మంచి మేత మీద అదే దూరం పోవడానికి ఒక రోజు ఎక్కువ పట్టొచ్చు, కాని అక్కడ దారాలు మందంగా, తెల్లగా ఉంటాయి. అందుకే రెండూ రాసుకోవాలి: ప్లేటు అడుగున కూడిక గుర్తు గీసి రోజూ అదే వేళకు వ్యాసం కొలవడం ఒకటి, దాని కింద అచ్చు కాగితం పెట్టి అక్షరాలు చదవగలమా లేదా చూడడం ఇంకొకటి. ఇంకా కచ్చితంగా కావాలంటే అదే మేతను అగర్ లేకుండా ద్రవంగా చేసి, పది రోజుల తర్వాత వడగట్టి, 60 డిగ్రీల్లో బరువు తగ్గడం ఆగేదాకా ఆరబెట్టి తూకం వేయాలి.

పలుచగా పోతుంటే నత్రజనో, థయామినో తక్కువ. దూదిలాగా పైకి ఉబ్బి, ముందుకు సాగకపోతే నత్రజని ఎక్కువ. పసుపు, గోధుమ రంగు చుక్కలు చెమటలాగా పడితే ముదిరిపోయిందనో, వేడి తగిలిందనో, దగ్గర్లో బాక్టీరియా ఉందనో అర్థం. ఒక వైపు మాత్రమే వేరే తీరుగా, చీలికలాగా పెరిగితే అది మేత లోపం కాదు, ఆ కల్చర్‌లోనే మార్పు వచ్చింది. ఆ చీలికను వదిలి మిగతా వైపు నుంచి ముక్క తీసుకోండి. తెల్లగా పరుచుకుని మూడో నాటికి పచ్చబడితే అది ట్రైకోడెర్మా అనే పచ్చ బూజు. మూత తీయకుండా అట్లనే కుక్కర్‌లో వేసి, అరగంట వెయిట్ మీద ఉంచి పారేయండి.

ఎప్పుడూ గ్లూకోజ్ మీదే పెంచితే ఇంకో చిక్కు ఉంది. చుట్టూ గ్లూకోజ్ ఉన్నంతకాలం మైసీలియం గడ్డిని కరిగించే సెల్యులేజ్ ఎంజైములను తక్కువగా చేస్తుంది. అట్లాంటి కల్చర్‌ను గడ్డి మీదికి దించితే కదలడానికి ఎక్కువ రోజులు తీసుకుంటుంది. మూడు నాలుగు మార్పిడులకు (ఒక ప్లేటు నుంచి ఇంకో ప్లేటుకు) ఒకసారి మేత మార్చండి: 50 గ్రాముల వరిగడ్డి ముక్కలు లీటరు నీళ్లలో అరగంట ఉడికించిన కషాయం, దానికి 20 గ్రాముల జొన్న పిండి, 20 గ్రాముల అగర్. గ్లూకోజ్ వేయొద్దు. దీని మీద పెరుగుదల అంత అందంగా ఉండదు, కాని తర్వాతి పనికి తయారై ఉంటుంది.

మాల్ట్ (మొలకెత్తించిన గింజల) మీడియం కావాలనుకునేవాళ్లు రాగులతో ఇంట్లోనే చేసుకోవచ్చు. మొలకెత్తించి, ఎండబెట్టి, పిండి పట్టించిన రాగులు 50 గ్రాములు లీటరు నీళ్లలో కలిపి 60 నుంచి 65 డిగ్రీల మధ్య గంటసేపు ఉంచితే, మొలకలోని ఎంజైములు పిండిని మాల్టోజ్‌గా మారుస్తాయి. వడగట్టి 20 గ్రాముల అగర్ కలపడమే. ఈ పనికి జొన్న మొలకలు వాడొద్దు, లేత జొన్న మొలకలో సైనైడ్ పుట్టించే పదార్థం ఉంటుంది. పశువులకు లేత జొన్న చొప్ప పడకపోవడానికి కారణం అదే.

జొన్నల మీదికి

ప్లేటు తర్వాత మైసీలియం తినేది గింజ. పాలమూరు జొన్న దీనికి చేసి పెట్టినట్టు ఉంటుంది. జొన్నలో ప్రొటీన్ సుమారు 10 శాతం. దాన్ని 6.25తో భాగిస్తే నత్రజని 1.6 శాతం. కర్బనం 43, 44 శాతం ఉంటుంది. నిష్పత్తి 27 దగ్గరే. అంటే మనం ప్లేటులో గ్రాముల లెక్కన కూర్చిందే గింజలో ముందే ఉంది. అందుకే జొన్నలకు తవుడు, పెప్టోన్, బెల్లం నీళ్లు ఏమీ కలపనక్కర్లేదు. కలిపినవాళ్ల సంచులే ముందు పుల్లబడతాయి.

గింజ ఎంపికలో మాత్రం రాజీ పడొద్దు. యాసంగి జొన్నలు కొనండి. వానాకాలం జొన్న కంకి మీద ఉండగానే వాన తడిసి గింజకు బూజు పడుతుంది. పైకి తెల్లగా తుడిచినట్టున్నా లోపల ఫ్యుసేరియం అనే బూజు దాక్కుని ఉంటుంది. విత్తనాల దుకాణంలో రంగు పూసి అమ్మేవి అసలే వద్దు. అవి థైరమ్ లాంటి బూజు మందుతో శుద్ధి చేసినవి, మన మైసీలియం కూడా బూజు జాతిదే. సజ్జలు చిన్న గింజ కాబట్టి కిలోలో అంటుకునే చోట్లు ఎక్కువ, కాని తడి కొంచెం ఎక్కువైతే ముద్ద కడతాయి. మక్కలు పెద్దవి, లోపలిదాకా వేడి చేరడం ఆలస్యం.

కిలో జొన్నలు కడిగి, తాలు తీసి, రాత్రి 12 గంటలు నానబెట్టండి. ఈ నానడం ఉడకడం కోసమే కాదు. గింజ మీదుండే బాసిల్లస్ అనే బాక్టీరియా బీజాలు వేడికి తొందరగా చావవు. నానినప్పుడు మొలకెత్తి మెత్తబడతాయి, అప్పుడు కుక్కర్‌లో చస్తాయి. పొద్దున ఆ నీళ్లు పారబోసి కొత్త నీళ్లలో 15 నుంచి 20 నిమిషాలు ఉడికించండి. వేళ్ల మధ్య నొక్కితే నలగాలి, పగలకూడదు. పగిలిన గింజ నుంచి గంజి కారి సంచి అడుగున చేరుతుంది, బాక్టీరియా మొదలయ్యేది అక్కడే.

వడగట్టి నీడలో గుడ్డ మీద ఆరబెట్టండి. ఎప్పుడు ఆపాలో కాటా చెబుతుంది: కిలో పొడి జొన్నలు ఆరిన తర్వాత 1.6 నుంచి 1.75 కిలోలు తూగాలి. అంటే తేమ 45 నుంచి 50 శాతం. గింజ లోపల తడి, పైన పొడి. కాగితం మీద వేస్తే మరక పడొద్దు.

ఇప్పుడు జిప్సం 20 గ్రాములు, కాల్షియం కార్బనేట్ 5 గ్రాములు కలపండి. రెండూ మేత కాదు. జిప్సం గింజలు అంటుకోకుండా చేస్తుంది, కార్బనేట్ మైసీలియం వదిలే ఆమ్లాన్ని విరుస్తుంది. బడి చాక్‌పీసులు నూరి కార్బనేట్ అనుకునేవాళ్లున్నారు. వాటిలో చాలామటుకు జిప్సమే ఉంటుంది, ఆమ్లాన్ని విరవదు.

పాలీప్రొపిలీన్ సంచుల్లో 300 గ్రాముల చొప్పున నింపి, ప్లాస్టిక్ మెడ రింగు, దూది మూత పెట్టండి. మామూలు పాలిథిన్ సంచి 121 డిగ్రీలకు కరుగుతుంది. కుక్కర్‌లో 15 పౌండ్ల మీద గంటన్నర నుంచి రెండు గంటలు. అంతసేపు ఆవిరి పోతుంది కాబట్టి కుక్కర్ అడుగున నీళ్లు చాలినన్ని పోయాలి, సంచులు నీళ్లకు తగలకుండా కింద జాలీ పెట్టాలి. రాత్రంతా చల్లారాక, ఒక ప్లేటును నాలుగైదు సంచులకు పంచండి. వారానికి మూడో వంతు తెల్లబడగానే ఒకసారి కదిలించండి. 15 నుంచి 20 రోజుల్లో నిండుతుంది.

గింజలు జిడ్డుగా మెరుస్తూ, పుల్లటి వాసన వస్తే బాక్టీరియా. తడి ఎక్కువైందో, నానబెట్టడం తక్కువైందో చూడండి. మైసీలియం సగంలో ఆగి, మిగతా గింజలు శుభ్రంగానే ఉంటే గాలి చాలలేదు: సంచి నిండా కుక్కి ఉంటారు, లేదా దూది గట్టిగా బిగించి ఉంటారు.

ద్రవ కల్చర్

గ్లూకోజ్ 20 గ్రాములు, ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ 2 గ్రాములు, 0-52-34 ఒక గ్రాము, మెగ్నీషియం సల్ఫేట్ అర గ్రాము, లీటరు నీళ్లు. ఇక్కడ అందరూ మరిచిపోయే మేత ఆక్సిజన్. సీసాలో మూడో వంతుకు మించి పోయొద్దు, రోజుకు రెండుసార్లు గిరగిరా తిప్పాలి. కదపకపోతే పైన చర్మంలాగా ఒక పొర కడుతుంది, కింది మేత కిందే ఉండిపోతుంది. తెల్లటి ఉండలు తేలుతూ మధ్యలో ద్రవం తేటగా ఉంటే మంచిది. ద్రవమే మసకబారితే బాక్టీరియా. ఎంత తేటగా కనబడినా, జొన్నల మీద వేసే ముందు ఒక చుక్క ఖాళీ ప్లేటు మీద వేసి మూడు రోజులు చూడండి.

దాచడం

దాచే కల్చర్‌కు మేత ఇంకా తగ్గించాలి. ఆలుగడ్డ 100 గ్రాములు, గ్లూకోజ్ 10 గ్రాములతో, ఏటవాలుగా ఉంచి అగర్ గట్టిపరిచిన గాజు గొట్టాల్లో చేస్తే మెల్లగా పెరిగి, మెల్లగా ముదురుతుంది. ఆయిస్టర్‌ను ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర మూడు నెలలు ధైర్యంగా ఉంచొచ్చు. దూది మీద కాగితం కట్టండి, ఫ్రిజ్ తేమకు దూదే ముందు బూజు పడుతుంది. వరిగడ్డి పుట్టగొడుగును మాత్రం ఎప్పుడూ ఫ్రిజ్‌లో పెట్టొద్దు. అది చలికి చస్తుంది. 15 డిగ్రీలకు కిందికి పోని చోట ఉంచి, నెలకోసారి కొత్త గొట్టంలోకి మార్చుకోండి.